బకింగ్‌హామ్ కాలువ పడవల చరిత్ర: ఏ మాటలతో, ఎక్కడ వెతకాలి?

వేళచ్చేరి వాణి

సభ్యులందరికీ నమస్కారం. నేను చెన్నైలో చరిత్ర విభాగంలో పరిశోధక విద్యార్థినిని. నెల్లూరు, కృష్ణా ప్రాంతాల నుంచి బకింగ్‌హామ్ కాలువ మీదుగా మద్రాసుకు పడవల్లో చేరిన సరుకు, ముఖ్యంగా శ్రీహరికోట అడవుల నుంచి వచ్చిన వంటచెరకు, తెలుగు జిల్లాల బియ్యం, ఆ పడవలు నడిపిన మనుషులు, వాళ్లు ఆగిన రేవులు నా పరిశోధనాంశం. 1850 నుంచి 1950 వరకు నూరేళ్ల కాలాన్ని తీసుకున్నాను.

గూగుల్‌లో ఈ కాలువ పేరు తెలుగులో కొట్టినా ఇంగ్లీషులో కొట్టినా వచ్చేవన్నీ ఇప్పటి వార్తలే. ఆక్రమణల తొలగింపు, పూడికతీత, వానాకాలపు ముంపు, కాలువలో స్తంభాలు నాటి కట్టిన ఎమ్మార్టీఎస్ రైలు మార్గం, ఇవి తప్ప పది పేజీలు తిరగేసినా మరొకటి కనబడదు. పడవల గురించిన రెండు మూడు పేరాలను ఒకరి నుంచి ఒకరు ఎత్తి రాసుకున్న బ్లాగులు ఉన్నాయి గానీ, వాటిలో ఆధారాలు లేవు. మూలపత్రాల దాకా వెళ్లాలంటే ఎక్కడ, ఏ మాటలతో వెతకాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

ఎగ్మూరు పాఠకుడు

వాణి గారూ, ముందు ఒక సంగతి గమనించండి. మీరు తీసుకున్న నూరేళ్లలో మొదటి 28 ఏళ్లు ఆ కాలువకు ఆ పేరు లేదు. 1806లో బేసిల్ కోక్రేన్ మద్రాసు నుంచి ఎన్నూరు దాకా తవ్వించిన కాలువ కాబట్టి దానిని కోక్రేన్ కాలువ అన్నారు. ఆ తర్వాత అది పులికాట్ సరస్సు దాకా పెరిగింది, 1837లో ప్రభుత్వం చేతికి వచ్చింది, 1876 నాటికి ఉత్తరాన పెదగంజాం చేరింది. 1876-78 కరువులో కూలిపనుల కింద నగరంలో కూవం, అడయారు నదులను కలిపే భాగాన్ని తవ్వించిన తరువాత, 1878లో అప్పటి గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ పేరు పెట్టారు. 1860లో ఒక ఇంజినీరు రాసిన నివేదికలో 'బకింగ్‌హామ్' అనే మాట ఎలా ఉంటుంది? మీరు ఎంత ఓపికగా వెతికినా, ఆ మాట లేని కాగితాన్ని ఆ మాటతో ఏ యంత్రమూ తెచ్చి ఇవ్వలేదు.

అందుచేత వెతకడానికి కూర్చునే ముందు కాగితం మీద ఒక పట్టిక రాసుకోండి. మీ ప్రశ్నలోని ప్రతి ముఖ్యమైన మాటకూ, ఆ కాలంలో ఆ కాగితం రాసిన గుమాస్తా ఏ మాట వాడి ఉంటాడో ఎదురుగా రాయండి. కృష్ణను ఆనాటి ఆంగ్లేయులు 'కిస్ట్నా' అని రాశారు. మచిలీపట్నం 'మసూలిపటం', కాకినాడ 'కోకనాడా', విజయవాడ 'బెజవాడ'. జిల్లాల సరిహద్దులు కూడా చూసుకోవాలి. గుంటూరు జిల్లా ఏర్పడింది 1904లో. అంతకు ముందు ఆ ప్రాంతం చాలావరకు కిస్ట్నా జిల్లాలో, ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేవి. అంటే గుంటూరు పేరుతో వెతికితే దొరకని పేజీ కిస్ట్నా జిల్లా మాన్యువల్‌లో, అంటే ఆ జిల్లా వివరాల అధికారిక గ్రంథంలో, నిక్షేపంగా ఉండవచ్చు. నెల్లూరు జిల్లాకు బాస్వెల్ రాసిన మాన్యువల్ 1873లోనూ, కిస్ట్నా జిల్లాకు గోర్డన్ మెకంజీ రాసినది 1883లోనూ వచ్చాయి. మొదటిది కాలువకు కొత్త పేరు రాకముందుది, రెండవది వచ్చాక అచ్చయినది. రెండింటినీ ఒకే మాటతో వెతకకండి.

సరుకు కొలతలు కూడా మంచి ఆనవాళ్లు. ఆ రోజుల్లో ధాన్యాన్ని గరిసెల్లో లెక్క కట్టేవారు. ఇంగ్లీషు కాగితాల్లో దానినే 'గార్స్' అని రాశారు. ఈ మాట నేటి వార్తాపత్రికలో కనిపించే అవకాశం దాదాపు లేదు. కాలువ పేరుతో పాటు దానిని చేర్చితే పూడికతీత వార్తలు వాటంతట అవే తొలగిపోతాయి.

తరమణి సూత్రధారి

పాఠకుడు గారు చెప్పిన పట్టిక సిద్ధమయ్యాక, దానిని యంత్రానికి అర్థమయ్యేలా ఎలా అడగాలో నేను చెబుతాను. నేను సాఫ్ట్‌వేరు ఉద్యోగిని, చరిత్ర నాకు తెలియదు.

రెండు మూడు మాటలు అదే వరుసలో కావాలంటే వాటిని జంట ఉద్ధరణ చిహ్నాల మధ్య పెట్టాలి. ఒకే వస్తువుకు రెండు పేర్లు ఉంటే వాటి మధ్య ఆంగ్లంలో 'ఆర్' అని రెండు పెద్ద అక్షరాలతో రాయాలి. చిన్న అక్షరాలతో రాస్తే అది మామూలు మాట అయిపోతుంది. ఒకే వెబ్‌సైటులో వెతకాలంటే 'సైట్' అని ఆంగ్లంలో రాసి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా ఆ సైటు చిరునామా ఇవ్వాలి. 'ఫైల్‌టైప్' తరువాత ఇదే పద్ధతిలో పీడీఎఫ్ అని ఇస్తే వార్తల పేజీలు చాలావరకు పోయి నివేదికలు, సిద్ధాంత గ్రంథాలు, స్కాన్ చేసిన పుస్తకాలు పైకి వస్తాయి. ఒక మాట ఉన్న పేజీలు వద్దనుకుంటే దాని ముందు తీసివేత గుర్తు పెట్టండి. మీ విషయంలో 'ఎమ్మార్టీఎస్', 'పూడిక' అనే మాటలను అలా తీసేయవచ్చు.

తేదీల సంగతి మాత్రం జాగ్రత్తగా చూడాలి. 'బిఫోర్', 'ఆఫ్టర్' అనే ఆదేశాలతో గూగుల్ ఫలితాలను కాలం వారీగా కత్తిరించవచ్చు గానీ, ఆ తేదీ పేజీ ఇంటర్నెట్‌కు ఎక్కిన తేదీ. 1883లో అచ్చయిన పుస్తకం 2015లో స్కాన్ అయి ఎక్కితే గూగుల్ లెక్కలో అది 2015 నాటిదే. '1900కు ముందు' అని అడిగితే మీకు శూన్యం వస్తుంది, పుస్తకమే లేదనే భ్రమ కూడా వస్తుంది.

కొన్ని పాత చిట్కాలు ఇప్పుడు పనిచేయవు. మాట ముందు కూడిక గుర్తు పెట్టే పద్ధతిని గూగుల్ 2011లోనే తీసేసింది. పేజీల పాత ప్రతులు చూపే 'క్యాష్డ్' లంకెను 2024లో ఎత్తేసింది. తొలగిపోయిన పేజీ కావాలంటే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఆ చిరునామా పెట్టి చూడాలి. మీరు అడిగిన మాటను గూగుల్ తనంతట తాను మరో మాటగా మార్చేస్తుంటే, ఫలితాల పైనున్న 'టూల్స్'లో 'వెర్బేటిమ్' ఎంచుకోండి. 'గార్స్' వంటి అరుదైన మాటలకు ఇది తప్పనిసరి, ఎందుకంటే దానిని టైపింగ్ పొరపాటుగా భావించి సరిదిద్దే స్వభావం ఆ యంత్రానికి ఉంది.

ఎగ్మూరు పాఠకుడు

సూత్రధారి గారి మాటల్లో ఒక్కదానితో విభేదిస్తున్నాను. తీసివేత గుర్తును మొదటి చూపులోనే వాడటం మంచిది కాదు. ఈ కాలువ మీద ఎవరైనా శ్రద్ధగా ఒక చరిత్ర వ్యాసం రాస్తే, చివరి పేరాలో ఎమ్మార్టీఎస్ వల్ల కాలువకు జరిగిన నష్టాన్ని తప్పకుండా ప్రస్తావిస్తారు. ఆ ఒక్క మాట కోసం ఆ వ్యాసం మొత్తాన్ని మీరు పోగొట్టుకుంటారు, పోగొట్టుకున్నట్టు మీకు తెలియనైనా తెలియదు. వద్దనుకున్న మాటను తీసేయడం కన్నా, కావలసిన కాగితంలో మాత్రమే ఉండే మాటను చేర్చడం మేలు.

తరమణి సూత్రధారి

ఒప్పుకుంటున్నాను. రెండు విధాలా చేసి, రెండు జాబితాలనూ పోల్చుకుంటే ఇంకా మంచిది.

వేళచ్చేరి వాణి

ఇద్దరికీ కృతజ్ఞతలు. కోక్రేన్ పేరుతో వెతకగానే తెర మీద దృశ్యమే మారిపోయింది. వార్తలు పోయి స్కాన్ చేసిన పుస్తకాలు వచ్చాయి. ఇంగ్లీషు వైపు దారి కొంత కనబడుతోంది. తెలుగు వైపు మాత్రం అంతా చీకటిగానే ఉంది. ఉద్ధరణ చిహ్నాల మధ్య తెలుగులో కాలువ పేరు పెడితే అతి తక్కువ ఫలితాలు వస్తున్నాయి, ఒక్కొక్కసారి ఏమీ రావడం లేదు. నా కంటికి కనబడుతున్న పేజీలోనే కంట్రోల్-ఎఫ్ కొట్టి వెతికితే ఆ మాట లేదంటోంది.

పెరంబూరు మాస్టారు

అమ్మా వాణీ, తెలుగులో వెతకడానికి తెలుగు వ్యాకరణమే మొదటి అడ్డంకి. ఇంగ్లీషులో 'కెనాల్' అనే మాట ఏ వాక్యంలోనైనా ఇంచుమించు అదే రూపంలో ఉంటుంది. మన 'కాలువ' వాక్యంలోకి వెళ్లేసరికి కాలువలో, కాలువపై, కాలువగుండా, కాలువలకు అవుతుంది. కొందరు కాల్వ, కాలవ అని కూడా రాస్తారు. పేజీలోపల వెతికేటప్పుడు విభక్తి తగలని అతి చిన్న భాగాన్ని మాత్రమే కొట్టాలి. 'బియ్యం' అని కొడితే 'బియ్యపు బస్తాలు' దొరకవు. 'బియ్య' దగ్గర ఆపితే రెండూ దొరుకుతాయి. 'ఊరు' అని వెతికితే 'ఊళ్లు' తప్పిపోతుంది, ఇక్కడ ప్రాతిపదికే మారిపోతుంది కనుక రెండుసార్లు వెతకక తప్పదు.

మీ కంటికి కనబడుతున్నా యంత్రానికి కనబడని ఆ మాట సంగతి వేరు. 'బకింగ్‌హామ్' అనే మాటలో 'గ్' తరువాత 'హా' ఒత్తుగా మారకుండా ఉండాలంటే, ఆ రెంటి మధ్య తెరపై కనబడని ఒక యూనికోడ్ అక్షరాన్ని కూర్చాలి. దానిని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. రాసినవారు దానిని పెట్టి, మీరు పెట్టకుండా కొడితే, కొన్ని ప్రోగ్రాములు ఆ రెండింటినీ వేర్వేరు మాటలుగా చూస్తాయి. మరికొందరు అక్కడ ఖాళీ వదిలి రెండు ముక్కలుగా రాశారు. చివర 'మ్' బదులు సున్న పెట్టినవారూ ఉన్నారు, 'బకింగాం' అని హకారాన్నే మింగినవారూ ఉన్నారు. అందుకని 'బకింగ్' వరకే కొట్టి చూడండి.

పాత పుస్తకాలకు వస్తే అరసున్నలు, బండిరలు అడ్డు వస్తాయి. 'చెఱువు' అని అచ్చయినచోట 'చెరువు' అని వెతికితే లాభం లేదు. నగరం పేరే చూడండి: మదరాసు, మద్రాసు, చెన్నపట్నము, చెన్నపట్టణము, చెన్నపురి. ఇక్కడ అచ్చయిన పాత తెలుగు పుస్తకాల ముఖపత్రాల మీద తరచుగా 'చెన్నపురి' అనే ఉంటుంది. 'చెన్నై' అనే పేరు అధికారికమైనది 1996లో కాబట్టి మీ కాలానికి ఆ మాట అసలు పనికిరాదు.

కరువు విషయం కూడా చెప్పాలి. పాఠకుడు గారు 1876-78 కరువు అన్నారు. తెలుగువారు దానిని అంకెలతో గుర్తు పెట్టుకోలేదు. ధాత నామ సంవత్సరంలో వచ్చింది కనుక 'ధాత కరువు' అన్నారు. 1832-33లో గుంటూరు సీమను ఊడ్చేసినది 'నందన కరువు', దానినే 'డొక్కల కరువు' అని కూడా అన్నారు. జ్ఞాపకాల్లో, ఆత్మకథల్లో, కైఫియతుల్లో (గ్రామాల స్థానిక చరిత్రల్లో) సంవత్సరం కోసం వెతికేటప్పుడు క్రీస్తుశకంతో పాటు ఆ సంవత్సరం తెలుగు పేరు కూడా మీ పట్టికలో ఉండాలి. అరవై ఏళ్లకొకసారి అదే పేరు తిరిగి వస్తుంది గనుక, దొరికిన ధాత ఏ ధాతో చూసుకోవడం మీ పని. పడవ నడిపేవారికి 'సరంగు', పులికాట్‌కు 'ప్రళయకావేరి', 'పళవేర్కాడు' అనే మాటలు కూడా రాసుకోండి.

కోడంబాక్కం కుర్రాడు

పెద్దలు మన్నించాలి. ఇంత శ్రమ దేనికో నాకు అర్థం కావడం లేదు. ఈ ప్రశ్నను ఉన్నది ఉన్నట్టుగా ఏదైనా కృత్రిమ మేధ చాట్‌బాట్‌కు ఇస్తే, సంబంధిత పుస్తకాల పేర్లతో సహా క్షణంలో చెబుతుంది కదా?

వేళచ్చేరి వాణి

నేను మొదట చేసిన పని అదే. పడవల వ్యాపారం మీద ఒక పుస్తకం పేరు, రచయిత పేరు, అచ్చయిన సంవత్సరం, ప్రచురణ సంస్థ, చివరికి పేజీ సంఖ్యలతో సహా ఇచ్చింది. ఆ పుస్తకం ఏ గ్రంథాలయ సూచికలోనూ లేదు, అనేక గ్రంథాలయాల ఉమ్మడి సూచిక అయిన వరల్డ్‌క్యాట్‌లోనూ లేదు. ఆ మాటే అంటే మర్యాదగా క్షమాపణ చెప్పి, అంతే నమ్మకంగా మరో పుస్తకం పేరు చెప్పింది. అదీ లేదు.

తరమణి సూత్రధారి

కుర్రాడు గారూ, ఆ యంత్రాలను పుస్తకాల పేర్లు అడగకండి, మాటలు అడగండి. 'పంతొమ్మిదో శతాబ్దపు మద్రాసు ప్రభుత్వ పత్రాల్లో లోతట్టు జలరవాణాకు ఏయే ఆంగ్ల పదాలు వాడేవారు' అని అడిగితే ఇరవై మాటలు ఇస్తుంది. వాటిలో అయిదు పనికిరాకపోయినా నష్టం లేదు. పనికిరాని మాటతో వెతికితే ఏమీ దొరకదు, అంతే. పనికిరాని గ్రంథం పేరు మీ సిద్ధాంత గ్రంథంలోకి వెళితే పరిణామం వేరు.

పోరూరు ఫార్మసీ

నాది వైద్యరంగం కాబట్టి ఈ చర్చలోకి దారి తప్పి వచ్చినట్టు అనిపించవచ్చు, కానీ పాఠకుడు గారు చెప్పిన పట్టికను మా రంగంలో ఒక సంస్థే తయారు చేసి పెట్టింది. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం వారి పబ్‌మెడ్ 1996 నుంచి అందరికీ అందుబాటులో ఉంది. దాని వెనుక 'మెష్' అనే నియంత్రిత పదజాలం పనిచేస్తుంది. రచయితలు క్యాన్సర్ అన్నా, ట్యూమర్ అన్నా, కార్సినోమా అన్నా, దానిని 'నియోప్లాజమ్స్' అనే ఒకే శీర్షికలోకి, లేదా దాని ఉపశీర్షికల్లోకి చేరుస్తారు. ఇదివరకు వ్యాసాన్ని చదివి మనుషులు చేసిన ఈ పనిని 2022 నుంచి యంత్రమే చేస్తోంది. 'హార్ట్ అటాక్' అని కొడితే పబ్‌మెడ్ దానిని తనంతట తాను 'మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్' అనే శీర్షికకు కూడా అనుసంధానిస్తుంది.

గూగుల్ అలవాటుతో వచ్చినవారు ఇక్కడే దెబ్బతింటారు. పబ్‌మెడ్‌లో మాటను ఉద్ధరణ చిహ్నాల మధ్య పెడితే, లేదా చివర నక్షత్రం గుర్తు పెడితే, ఈ అనుసంధానం ఆగిపోతుంది. మరింత కచ్చితంగా అడిగామని మనం అనుకుంటాం. వాస్తవానికి శీర్షికల సాయాన్ని మనమే ఆపేశాం. ఒకే గుర్తు ఒకచోట మేలు చేసి మరోచోట కీడు చేస్తుంది కనుక, ఏ డేటాబేసులోనైనా మొదట దాని సహాయ పేజీ చదవాలని మా జూనియర్లకు చెబుతుంటాను. వాళ్లు చదవరు, అది వేరే సంగతి.

ఎగ్మూరు పాఠకుడు

ఫార్మసీ గారు దారి తప్పలేదు, సరిగ్గా రావలసిన చోటికే వచ్చారు. గ్రంథాలయాల్లోనూ ఇటువంటి శీర్షికలు ఉన్నాయి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ శీర్షికల్లో 'కెనాల్స్', 'ఇన్‌లాండ్ నావిగేషన్', 'ఇన్‌లాండ్ వాటర్ ట్రాన్స్‌పోర్టేషన్' అనేవి మీకు సంబంధించినవి. వీటిని ఊహించి పట్టుకోవడం కన్నా, మీకు పనికివచ్చిన ఒక మంచి పుస్తకం సూచిక పేజీని వరల్డ్‌క్యాట్‌లో తెరిచి, దానికి ఏ శీర్షికలు తగిలించారో చూసి, ఆ శీర్షిక మీదే నొక్కండి. అదే అరలో ఉండదగిన మిగిలిన పుస్తకాలన్నీ, వాటి పేరులో కాలువ అనే మాట లేకపోయినా, బయటకు వస్తాయి.

పాఠకుడి కాలాన్ని ఆదా చేయడమే గ్రంథాలయ ధర్మమని 1931లోనే అచ్చులో రాసిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు పనిచేసింది ఈ ఊళ్లోనే. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయ్యారు, 1933లో పుస్తకాలను విషయం వారీగా అమర్చే కోలన్ వర్గీకరణను ప్రకటించారు. ఒక విషయాన్ని వస్తువు, క్రియ, స్థలం, కాలం వంటి ముఖాలుగా విడదీయడం ఆయన పద్ధతి. మీ అంశాన్ని ఆ విధంగా విడదీసి చూడండి: పడవలు, సరుకు రవాణా, కోరమాండల్ తీరం, 1850-1950. నాలుగు ముఖాలకూ నాలుగు పదాల వరుసలు తయారు చేసుకొని, ఒక్కో వరుస నుంచి ఒక్కో మాట తీసి కలుపుతూ పోతే ఏ కలయిక ప్రయత్నించారో, ఏది మిగిలిందో మీకే తెలుస్తుంది.

భారతీయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలను ఉంచే శోధ్‌గంగ వెబ్‌సైటు ఉంది. అందులో చాలా గ్రంథాలను అధ్యాయాల వారీగా విడి పీడీఎఫ్‌లుగా పెట్టారు. నా సలహా ఏమిటంటే, నెల్లూరు జిల్లా ఆర్థిక చరిత్ర మీదో, మద్రాసు ఓడరేవు మీదో ఏదైనా గ్రంథం దొరికితే మొదటి అధ్యాయం తెరవకండి. చివర ఉండే గ్రంథసూచిని తెరవండి. మీకన్నా ముందు ఆ దారిన నడిచినవారు ఏ ప్రభుత్వ శాఖ కాగితాలు, ఏ సంవత్సరాలవి చూశారో అక్కడ ఉంటుంది. గూగుల్ స్కాలర్‌లో దీనికి ఎదురు దిశ కూడా ఉంది. ఒక వ్యాసం కింద 'సైటెడ్ బై' నొక్కితే, దానిని ఉదహరించిన తరువాతి వ్యాసాలు వస్తాయి. గ్రంథసూచి వెనక్కి తీసుకువెళుతుంది, ఇది ముందుకు.

ప్యారిస్ కార్నర్ ప్లీడరు

కాలువ అన్నాక సుంకాలు, ఒడ్డు భూముల తగాదాలు, మునిగిన సరుకుకు నష్టపరిహారాలు ఉంటాయి. తగాదా కోర్టుకెక్కితే పడవవాడి పేరు, సరుకు, రేవు అన్నీ తీర్పులోకి ఎక్కుతాయి. ఇండియన్ కానూన్‌లో వెతికారా? 2008 నుంచి ఉన్న ఈ ఉచిత తీర్పుల డేటాబేసుకు సొంత వ్యాకరణం ఉంది. 'అండ్', 'ఆర్', 'నాట్' అనే ఆంగ్ల మాటల చివరి అక్షరాన్ని రెండుసార్లు వేసి, అన్నీ పెద్ద అక్షరాల్లో రాయాలి. చట్టపు వాక్యాల్లో ఈ మాటలు మామూలుగానే అడుగడుగునా వస్తాయి కనుక ఆ ఏర్పాటు చేశారనుకుంటాను. 'డాక్‌టైప్స్' అనే ఆదేశంతో మద్రాసు హైకోర్టుకే పరిమితం చేయవచ్చు. 'ఫ్రమ్‌డేట్', 'టుడేట్' ఆదేశాలకు రోజు, నెల, సంవత్సరం వరుసలో తేదీలు ఇవ్వవచ్చు. గూగుల్‌లా కాక, ఇక్కడి తేదీ తీర్పు వెలువడిన తేదీయే, కాబట్టి మీ కాలపరిమితి ఇక్కడ నిజంగా పనిచేస్తుంది.

తీర్పుల్లో 'పడవ' అన్న మాట కన్నా 'కామన్ క్యారియర్', 'టోల్', 'ఫెర్రీ', 'ఫోర్‌షోర్' వంటి మాటలే ఎక్కువగా వస్తాయి. ఒక తీర్పు దొరికితే, దానిని ఉదహరించిన తీర్పుల జాబితా కూడా పక్కనే ఉంటుంది.

వేళచ్చేరి వాణి

ఇండియన్ కానూన్ ఆలోచన నాకు ఎన్నడూ తట్టలేదు, చాలా కృతజ్ఞతలు. ఇంకొక ఇబ్బంది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో మాన్యువళ్లు దొరికాయి గానీ, పుస్తకం లోపల వెతికితే కంటితో చూసిన మాట కూడా దొరకడం లేదు. తెలుగు పుస్తకాలైతే పేరుతోనే దొరకడం లేదు.

తరమణి సూత్రధారి

పుస్తకం లోపల మీరు వెతుకుతున్నది పేజీ బొమ్మను యంత్రం చదివి తయారు చేసిన అక్షరాలను, అచ్చయిన అక్షరాలను కాదు. పాత అచ్చులో సిరా పలచబడినచోట ఆంగ్ల 'ఎన్' అక్షరాన్ని 'యు' అని చదువుతుంది. 'కెనాల్'లో నడిమి అక్షరం మారిపోతే ఆ మాట మీకు దొరకదు. పంక్తి చివర హైఫన్‌తో రెండుగా విరిగిన మాటలు కూడా తప్పిపోతాయి. అందుకే పొడుగు మాటలను సగానికి తుంచి వెతకండి, పక్కనున్న మాటలతో వెతకండి, లేదా ఆ పుస్తకపు పూర్తి పాఠాన్ని దించుకొని మీ కంప్యూటర్లో ఓపికగా చూడండి. పుస్తకం చివర పదసూచిక ఉంటే అదే అన్నిటికన్నా నమ్మదగినది, దానిని మనిషి తయారు చేశాడు.

ఇక ఆర్కైవ్ ముఖ్య పేజీలోని వెతుకులాట పెట్టె, మామూలుగా పుస్తకం పేరు, రచయిత వంటి వివరాల్లో మాత్రమే చూస్తుంది. పక్కన 'సెర్చ్ టెక్స్ట్ కంటెంట్స్' అనేది ఎంచుకుంటేనే పుస్తకాల లోపలికి వెళుతుంది. ఈ తేడా తెలియక పుస్తకం లేదనుకునేవారు చాలామంది.

తెలుగు పుస్తకాలకు మరో చిక్కు ఉంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసినవి ఆర్కైవ్‌లో పెద్ద సంఖ్యలో ఉన్నాయి, కానీ వాటి పేర్లను ఎవరికి తోచినట్టు వారు రోమన్ లిపిలో ఎక్కించారు. 'చరిత్ర' అనే మాటనే తీసుకోండి. 'త్ర'కు ఒకరు హెచ్ లేకుండా, ఒకరు హెచ్ చేర్చి రాశారు, ఒకరు చివర 'ము' తగిలించారు, ఒకరు తగిలించలేదు. 'ఆంధ్ర'కు ఒక ఏ, రెండు ఏలు, మధ్యలో అపాస్ట్రఫీ, అన్నీ ఉన్నాయి. పేరు మొదటి నాలుగయిదు అక్షరాలు రాసి నక్షత్రం గుర్తు పెట్టండి; భాష తెలుగు అని, సంవత్సరాల పరిధి ఫలానా అని పక్కనున్న గళ్లలో ఎంచుకొని, వచ్చిన జాబితాను కంటితో చదవండి. పుస్తకం పేరు తప్పుగా ఎక్కినా రచయిత ఇంటిపేరు సరిగ్గా ఎక్కి ఉండవచ్చు, అలా కూడా ప్రయత్నించండి.

మరొక్క మాట. కొన్ని తెలుగు పీడీఎఫ్‌లు చూడటానికి చక్కగా ఉంటాయి గానీ, యూనికోడ్ కాని పాత ఫాంట్లలో తయారైనవి. అందులో ఒక పంక్తిని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడండి. ఆంగ్ల అక్షరాలు, విరామ చిహ్నాలు కలగాపులగంగా వస్తే, ఆ పత్రం తెలుగు మాటలతో ఏ యంత్రానికీ దొరకదని అర్థం. వాటిని సైటులో ఒక్కొక్కటిగా తెరిచి చూడవలసిందే.

పెరంబూరు మాస్టారు

పాత పత్రికల విషయంలో మాటలను పూర్తిగా వదిలేసి తేదీని పట్టుకోవడం మంచిది. పత్రికల స్కాన్లు చాలావరకు బొమ్మలు మాత్రమే, సంవత్సరం, నెల, రోజు వారీగా అమర్చి ఉంటాయి. అందులో మాటతో వెతకడం వృథా. ఒక ఉదాహరణ చెబుతాను. జర్మన్ యుద్ధనౌక ఎండెన్ మద్రాసు మీద గుళ్లు కురిపించినది 1914 సెప్టెంబరు 22 రాత్రి. ఆంధ్రపత్రిక దినపత్రికగా ఈ ఊరి నుంచి మొదలైనది అదే ఏడాది ఏప్రిల్ 1న. ఎండెన్, ఎమ్డన్, యెండెను అని రకరకాలుగా కొట్టుకుంటూ కూర్చోవడం కన్నా, ఆ నెల 23, 24 తేదీల సంచికలు సంపాదించి పేజీలు తిప్పితే ఆనాడు ఈ ఊళ్లోని తెలుగువారు ఏమనుకున్నారో తెలుస్తుంది.

మీ అంశానికీ ఇదే దారి. తుపాన్లు, గండ్లు, సుంకాల మార్పులు, కాలువ మూసివేతలు ఎప్పుడెప్పుడు జరిగాయో ఇంగ్లీషు పరిపాలన నివేదికల నుంచి తేదీలు రాసుకోండి. ఆ తేదీలతో తెలుగు పత్రికలకు వెళ్లండి. ఇంగ్లీషులో యంత్రం వెతికిపెడుతుంది, తెలుగులో మీ కళ్లు వెతకాలి.

కోడంబాక్కం కుర్రాడు

సూత్రధారి గారు చెప్పినట్టు మాటలు మాత్రమే అడిగి చూశాను. వంటచెరకుకు ఇచ్చిన ఇంగ్లీషు మాటల్లో 'బిల్లెట్స్' అనేది ఉంది. అది వాణి గారికి పనికివస్తుందేమో చూడండి. సరుగుడు చెట్టుకు 'కాజురీనా' అని కూడా ఇచ్చింది.

వేళచ్చేరి వాణి

కాజురీనా మంచి ఆనవాలు, కట్టెల లెక్కలు ఆ మాట దగ్గరే దొరుకుతున్నాయి. బిల్లెట్స్ అనే మాటకు మాత్రం సైనికుల బస అనే అర్థం కూడా ఉండటంతో నాకు రెజిమెంట్ల చరిత్ర అంతా వచ్చిపడింది. అందుకని దానిని కాలువ పేరుతో కలిపి మాత్రమే వాడుతున్నాను.

శోధ్‌గంగలో ఒక సిద్ధాంత గ్రంథపు గ్రంథసూచిలో ప్రజాపనుల శాఖ ఉత్తర్వుల సంఖ్యలు కొన్ని దొరికాయి. అవి ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయని అనుకుంటున్నాను. జాతీయ ఆర్కైవ్స్ వారి వెబ్‌సైటు అభిలేఖ్ పటల్‌లో వెతికితే కొన్ని ఫైళ్ల శీర్షికలు మాత్రమే వచ్చాయి. ఎగ్మూరు ఆర్కైవ్స్‌కు స్వయంగా వెళ్లేముందు ఏమి సిద్ధం చేసుకోవాలి?

ఎగ్మూరు పాఠకుడు

మీ విభాగాధిపతి సంతకంతో పరిచయ లేఖ తీసుకువెళ్లండి. పంతొమ్మిదో శతాబ్దపు ప్రొసీడింగ్స్‌కు సంవత్సరాల వారీగా అచ్చయిన సూచికలు ఉంటాయి, ముందు వాటిని అడగండి. 1878 వరకు 'కెనాల్స్', 'కోక్రేన్', 'ఈస్ట్ కోస్ట్', 'నావిగేషన్', 'బోట్స్' అనే శీర్షికల కింద చూడండి. ఆ తరువాత 'బకింగ్‌హామ్' కింద కూడా చూడండి. ఒకే సంగతి మీద కాలువ తవ్వకం కాగితాలు ప్రజాపనుల శాఖలోనూ, సుంకం కాగితాలు రెవెన్యూ బోర్డులోనూ ఉండవచ్చు, ఉప్పు రవాణా మరోచోట ఉండవచ్చు. రెవెన్యూ వారి ఉత్తర్వులో 'ప్రజాపనుల శాఖ ఫలానా లేఖ చదివిన మీదట' అని మొదటి పంక్తుల్లో ఉంటుంది. ఆ లేఖ సంఖ్యను రాసుకొని రెండవ శాఖ సూచికకు వెళ్లండి.

గ్రంథసూచిలో మీకు దొరికిన జీవోల్లో తేదీ లేనివి ఉంటే వాటిని ముందుగా పూర్తి చేసుకోండి. అడుగు చీటీ మీద శాఖ పేరు, జీవో సంఖ్య, తేదీ మూడూ రాయాలి. సంఖ్యలు ప్రతి శాఖలోనూ ఏటా మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి కనుక, సంవత్సరం లేని సంఖ్యతో ఏ కట్ట తీయాలో లోపలివారికి తెలియదు.